పాల పళ్ళ మీద పుట్టినరోజు గీత: గర్భంలో షుగర్, బిడ్డ ఎనామెల్ – ఒక కేసు

2023 ఆగస్టులో కనిగిరి వైపు నుంచి ఒక కుటుంబం ఒంగోలులోని నా క్లినిక్‌కి వచ్చింది. మూడేళ్ల రెండు నెలల బాబు, వాళ్ళమ్మ, నాయనమ్మ. ఓపీ చీటీ మీద ఒక్క ముక్క రాసి ఉంది: "పై ముందు పళ్ళు పుచ్చు, చల్లనీళ్ళు తాగితే ఏడుస్తాడు." పిల్లల పళ్ళ డాక్టరుగా ఈ వాక్యం నాకు రోజుకి నాలుగైదు సార్లు కనిపిస్తుంది. బాబు చేతిలో బిస్కెట్ ఉంది కానీ వాడు దాన్ని కొరకడం లేదు. బుగ్గన పెట్టుకుని, నానాక మింగుతున్నాడు.

ముందు నాయనమ్మే మాట్లాడింది. "మా వైపు నీళ్ళలోనే ఉందమ్మా దోషం. ఊళ్ళో అందరివీ గార పళ్ళే. అయినా పాల పళ్ళేగా, రేపో మాపో ఊడిపోయేవేగా అంటే మా కోడలు వినదు." కోడలు ఏమీ అనలేదు. ఆమె ఒళ్ళో ఒక ప్లాస్టిక్ కవరు, దాని నిండా పాత కాగితాలు ఉన్నాయి. వాటిని నేను మొదటి పది నిమిషాల్లో అడగలేదు. అడిగి ఉండాల్సింది.

మా దగ్గరికి రాకముందు వాళ్ళు ఇద్దరికి చూపించారు. ఒకరు రాత్రిపూట పాల వల్ల వచ్చిన పుచ్చు అన్నారు, ఇంకొకరు ఫ్లోరైడ్ అన్నారు. మా ప్రాంతంలో ఈ రెండు జవాబులూ చాలాసార్లు నిజమే అవుతాయి. అందుకే మూడో కారణం గురించి ఎవరూ వెతకరు. ఈ కేసు రాయడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. వాళ్ళని గుర్తుపట్టగలిగే వివరాలన్నీ తీసేశాను.

నోట్లో ఏం కనిపించింది

ఇంత చిన్న పిల్లల్ని కుర్చీలో పడుకోబెడితే భయపడతారు. నేనూ తల్లీ మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చున్నాం. బాబు కాళ్ళు వాళ్ళమ్మ నడుముకి అటూ ఇటూ, తల నా ఒళ్ళో. వాడికి వాళ్ళమ్మ ముఖం కనిపిస్తూనే ఉంటుంది, నాకు పై పళ్ళు బాగా కనిపిస్తాయి. దూదితో పళ్ళని ఒక్కొక్కటిగా తుడిచి ఆరబెట్టాను. తడి పంటి మీద ఎనామెల్ (పంటి గట్టి పైపొర) లోపం సగం దాక్కుంటుంది. ఆరితేనే సుద్ద మచ్చ బయటపడుతుంది.

పైన మధ్య ముందు పళ్ళకి అటూ ఇటూ ఉండే పక్క పళ్ళు రెండింటి మీద, చిగురు నుంచి మూడో వంతు ఎత్తులో, అడ్డంగా ఒక గాడి ఉంది. సన్నటి ప్రోబ్‌ని (పంటిని తడిమి చూసే సూదిలాంటి పరికరం) పంటి కొస నుంచి చిగురు వైపు మెల్లగా జార్చాను. నున్నగా వెళ్తూ వెళ్తూ ఆ గాడి దగ్గర టక్కున ఆగింది. గాడి అడుగు పసుపు గోధుమ రంగు. కుడివైపు పంటిలో అది ఇంకా గాడిగానే ఉంది. ఎడమవైపు పంటిలో మాత్రం అక్కడి నుంచే పుచ్చు మొదలై నరం దాకా పోయింది, పై చిగురు మీద చిన్న చీము పొక్కు కూడా లేచింది.

ఇక్కడి దాకా చూస్తే మామూలు పుచ్చే అనుకోవచ్చు. నన్ను ఆపింది మిగతా పళ్ళు. మధ్య ముందు పళ్ళలో అదే గాడి బాగా పైన, దాదాపు చిగురుని ఆనుకుని ఉంది. కోర పళ్ళలో కొసకి దగ్గరగా ఉంది. మొదటి దవడ పళ్ళలో పక్క గోడ మధ్యలో, చివరి దవడ పళ్ళలో మొనల కిందే చుట్టూ ఉంగరంలా ఉంది. కింది ముందు పళ్ళలో సగానికి కాస్త దిగువన చిగురు వైపు. కుడి ఎలా ఉందో ఎడమ అచ్చం అలాగే ఉంది. పుచ్చు ఇంత లెక్కగా రాదు. పాలు నిలిచే చోట, బ్రష్ తగలని చోట పుచ్చు వస్తుంది. కోర పంటి కొస దగ్గర, నాలుక రోజంతా తుడిచే చోట, అది మొదలవడం చాలా అరుదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్ నగర్ ఇళ్ళ ఫొటోలు మీరందరూ చూసే ఉంటారు. నీళ్ళు తీశాక ప్రతి గోడ మీదా బురద గీత మిగిలింది. ఎత్తు పునాది ఉన్న ఇంటికి కిటికీ కింద, పల్లపు ఇంటికి కిటికీ పైన. ఇంటిని బట్టి గీత చోటు మారినా వరద ఒక్కటే. ఈ బాబు నోట్లో నేను చూసింది అలాంటి గీత. పళ్ళన్నీ ఒకేసారి కట్టడం మొదలవవు. ఏదో ఒక రోజున ఆపద వస్తే, ఆ రోజుకి ఏ పన్ను ఎంతవరకు కట్టి ఉందో అక్కడ మచ్చ పడుతుంది.

మరి ఆ రోజు ఏది? దీనికి లెక్క ఉంది. పై మధ్య ముందు పంటి ఎనామెల్ గర్భంలో సుమారు 14వ వారంలో మొదలై, పుట్టిన నెలన్నరకి పూర్తవుతుంది. కోర పన్ను 17వ వారం ప్రాంతంలో మొదలై తొమ్మిదో నెల దాకా సాగుతుంది. చివరి పాల దవడ పన్ను 19వ వారం దగ్గర మొదలై పదకొండో నెలకి గానీ అవ్వదు. బిడ్డ పుట్టే నాటికి మధ్య ముందు పన్ను ఆరింట ఐదు వంతులు, పక్క పన్ను మూడింట రెండు వంతులు, కోర పన్ను మూడింట ఒక వంతు కట్టి ఉంటాయి. చివరి దవడ పంటికి అప్పటికి మొనలే ఉంటాయి. బాబు పళ్ళ మీద గీతలు సరిగ్గా ఆ ఎత్తుల్లోనే ఉన్నాయి. అప్పుడు తల్లిని అడిగాను: "అమ్మా, బాబు పుట్టినప్పుడు ఏమన్నా ఇబ్బంది అయిందా?"

ఆమె ఏమీ మాట్లాడకుండా ఒళ్ళోని కవరు తీసి నా చేతికిచ్చింది.

కవర్లో కాగితాలు

తల్లీబిడ్డల కార్డు, రెండు స్కానింగ్ రిపోర్టులు, నవజాత శిశువుల ఐసీయూ డిశ్చార్జ్ సమ్మరీ.

మూడో నెలలో రాండమ్ షుగర్ చూశారు, 108 ఉంది. ఆ తర్వాత షుగర్ గడి ఖాళీ. 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి చేయాల్సిన పరీక్ష ఆమెకి 2020 మార్చి చివర్లో, ఏప్రిల్‌లో రావాలి. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. బస్సులు లేవు, ఆటోలు లేవు. ఫోన్లో మాత్రలు కొనసాగించమన్నారట. ఆమెకి ఒంట్లో ఏ తేడా తెలియలేదు. గర్భంలో వచ్చే షుగర్‌కి సాధారణంగా పైకి లక్షణాలు ఉండవు. పైగా చలిమిడి, చిమ్మిలి, శ్రీమంతం, "ఇద్దరి తిండి తినాలి" అనే మాట, అన్నీ ఆ నెలల్లోనే.

మే నెలాఖరున, 33 వారాలకి, స్కానింగ్‌లో ఉమ్మనీరు ఎక్కువగా, బిడ్డ పెద్దగా కనిపించడంతో షుగర్ చూశారు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించిన రెండు గంటలకి 214. దీనిలో 140 గానీ అంతకు మించి గానీ వస్తే గర్భంలో షుగర్ ఉన్నట్టు లెక్క. ఇన్సులిన్ మొదలుపెట్టారు. 36 వారాలకి ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. బరువు 3.8 కిలోలు. గంటలో బిడ్డ షుగర్ 26, బాగా తక్కువ. రెండో రోజు చేతులూ కాళ్ళూ వణికాయి, రక్తంలో క్యాల్షియం 6.4, అదీ తక్కువే. సెలైన్‌లో క్యాల్షియం గ్లూకోనేట్ ఎక్కించారు. పసికామెర్లకి నీలి లైటు కింద పెట్టారు. తొమ్మిదో రోజున ఇంటికి పంపారు.

ఆ సమ్మరీ చివర పేజీలో "కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించాలి" అని ఉంది. పళ్ళ గురించి ఒక్క అక్షరం లేదు. రాసిన డాక్టర్ని ఇందులో తప్పుపట్టను. ప్రాణం నిలబెట్టిన వాళ్ళు వాళ్ళు. కానీ ఆ ఒక్క వాక్యం ఉండి ఉంటే, మొదటి పన్ను వచ్చిన ఏడో నెలలోనే ఈ బాబు ఏదో ఒక దంత వైద్యుడి దగ్గరికి చేరేవాడు. ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, గాడిని సిమెంటుతో మూసి ఉంటే ఆ పంటికి చీము పట్టేది కాదు.

తల్లి షుగర్ బిడ్డ పంటిదాకా ఎలా వెళ్తుంది

తల్లి రక్తంలో గ్లూకోజ్ మాయ (ప్లాసెంటా) గుండా బిడ్డకి వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ వెళ్ళదు. అందుకని ఎక్కువైన చక్కెరని సర్దడానికి బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్ చేసుకుంటుంది. డెన్మార్క్ డాక్టర్ యోర్గెన్ పెడర్సన్ 1950ల్లో చెప్పిన ఈ సూత్రమే ఇప్పటికీ ఈ విషయానికి పునాది. బిడ్డ లావవడం దీనివల్లే. బొడ్డుతాడు కోయగానే చక్కెర సరఫరా ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే పుట్టిన గంటల్లో షుగర్ పడిపోతుంది.

పంటికి దీనికంటే పెద్ద దెబ్బ క్యాల్షియంది. ఆఖరి మూడు నెలల్లో మాయ బిడ్డకి క్యాల్షియాన్ని తోడి పోస్తుంది. పుట్టగానే ఆ పంపు ఆగుతుంది. అప్పుడు బిడ్డ మెడలో ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు మేలుకొని ఎముకల నుంచి క్యాల్షియం తీసి రక్తంలో సర్దాలి. షుగర్ ఉన్న తల్లుల బిడ్డల్లో ఈ గ్రంథులు ఆలస్యంగా మేలుకుంటాయి. తల్లికి షుగర్ ఎక్కువైనప్పుడు మూత్రంలో మెగ్నీషియం పోవడం, దాంతో బిడ్డలోనూ అది తగ్గడం దీనికి ఒక కారణం. మొదటి రెండు మూడు రోజుల్లో క్యాల్షియం పడిపోవడం అలా జరుగుతుంది.

ఇప్పుడు పంటి సంగతి. ఎనామెల్, అంటే మన స్కూలు పుస్తకాల్లో పింగాణీ పొర, మన ఒంట్లో అన్నింటికంటే గట్టిది. బరువులో 96 శాతం దాకా ఖనిజమే. దాన్ని కట్టే కణాల్ని అమెలోబ్లాస్ట్‌లు అంటారు. తాపీమేస్త్రీలు గోడ కట్టినట్టు ముందు మెత్తటి మూస పరుస్తాయి, తర్వాత అందులోకి క్యాల్షియం, ఫాస్ఫేట్ నింపి గట్టిపరుస్తాయి. మూస పరిచేటప్పుడు ఆటంకం వస్తే ఎనామెల్ పలచబడి గుంటలు, గాళ్ళు పడతాయి. గట్టిపరిచేటప్పుడు ఆటంకం వస్తే మందం సరిగానే ఉంటుంది కానీ సుద్దలా మెత్తగా మిగిలిపోతుంది. పన్ను బయటికి వచ్చేసరికి ఈ కణాలు ఒక్కటీ మిగలవు. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది, ఎనామెల్‌కి ఆ అవకాశం లేదు. మూడు రోజుల క్యాల్షియం లోటు మచ్చ ఆ పన్ను ఊడే రోజు దాకా ఉండిపోతుంది.

ఈ బాబు విషయంలో రెండు రకాలూ కనిపించాయి. మధ్య ముందు పళ్ళ కొసలు, అంటే నాలుగైదు నెలల్లో కట్టిన భాగం, చక్కగా మెరుస్తోంది. దాని తర్వాతి భాగం పట్టీలా సుద్ద తెలుపు. అది దాదాపు ఆరు, ఏడు, ఎనిమిది నెలల పని, ఆ రోజుల్లో చాలావరకు షుగర్ ఎవరూ చూడలేదు. ఆ తర్వాత గాడి. ఎనామెల్ పరిచాక గట్టిపడటానికి వారాలు, నెలలు పడుతుంది కాబట్టి తేదీలు ఇంత కచ్చితంగా గీయకూడదని నాకు తెలుసు. అయినా వరస మాత్రం కళ్ళకి కట్టినట్టు ఉంది.

స్వీడన్ పరిశోధకులు 1960ల్లోనే షుగర్ ఉన్న తల్లుల పిల్లల పాల పళ్ళని పరీక్షించారు. తర్వాత ఊడిన పళ్ళని కోసి మైక్రోస్కోప్ కింద కూడా చూశారు. ఎలుకల మీద చేసిన పనిలో, తల్లికి షుగర్ తెప్పించినప్పుడు పిల్లల పంటి మొగ్గలో కణాలు పెరిగే వేగం తగ్గడం, చనిపోయే కణాలు పెరగడం కనిపించాయి. మనుషుల్లో జరిగిన అధ్యయనాలు చిన్నవి, ఫలితాలు అన్నిట్లో ఒకేలా లేవు. గర్భంలో షుగర్ ఉన్న తల్లుల పిల్లల్లో పళ్ళు బాగున్న వాళ్ళు ఎందరో ఉన్నారు. అందుకే నేను తల్లికి "షుగర్ వల్లే" అని చెప్పలేదు, "షుగర్, నెల ముందు కాన్పు, క్యాల్షియం పడిపోవడం, ఈ మూడూ కలిసి వచ్చిన దెబ్బ" అన్నాను. నెల ముందు పుట్టడం కూడా ఎనామెల్‌ని దెబ్బతీస్తుంది. ఈ మూడింటినీ విడదీసి ఇది ఇంత, అది అంత అని లెక్క కట్టడం ఒక బిడ్డ నోటిని చూసి సాధ్యం కాదు.

కాదని తేల్చుకున్నవి

ఫ్లోరైడ్ అనుమానాన్ని కొట్టిపారేయకూడదు. వాళ్ళ బోరు నీళ్ళు పరీక్షకి పంపిస్తే లీటరుకి 2.4 మిల్లీగ్రాములు వచ్చింది, 1.5 దాటకూడదు. కానీ ఇంట్లో తాగడానికి, వంటకి పెళ్ళినాటి నుంచీ వాటర్ ప్లాంట్ క్యాన్లే. పైగా ఫ్లోరైడ్ మచ్చ ఒక గీతలా ఆగదు. మబ్బు కమ్మినట్టు పన్నంతా పరుచుకుంటుంది, పాల పళ్ళలో అయితే ఎక్కువగా ఆలస్యంగా కట్టే దవడ పళ్ళ మీద కనిపిస్తుంది. ఇక్కడ గీతకి అటు వైపు, ముఖ్యంగా దవడ పళ్ళలో, పుట్టిన ఆరు నెలల తర్వాత కట్టిన ఎనామెల్ నున్నగా మెరుస్తోంది. బోరు నీళ్ళే దోషి అయితే ఆ భాగమే ముందు పాడవ్వాలి.

పాల పుచ్చు సంగతి కొంత నిజం. ఏడాదిన్నర దాకా రాత్రి నిద్రలో తల్లిపాలు తాగాడు, ఆ తర్వాత చక్కెర కలిపిన పాలు. గరుకు గాడిలో సూక్ష్మజీవులు సులువుగా చేరతాయి. గాడి ముందు వచ్చింది, పుచ్చు దాంట్లో ఇల్లు కట్టుకుంది. ఈ వరస తల్లికి అర్థం కావడం ముఖ్యం. ఎందుకంటే రాత్రి పాలు ఇచ్చావని ఆమెని ఇప్పటికే చాలామంది తిట్టారు.

ఇంకో విషయం ఐసీయూ పిల్లల్లో తప్పక అడగాలి. శ్వాస గొట్టం వేశారా? వేసేటప్పుడు లారింగోస్కోప్ (గొంతులోకి చూసే పరికరం) పై చిగురుని నొక్కితే అక్కడి పంటి మొగ్గ దెబ్బతిని, తర్వాత ఒకటి రెండు పళ్ళలో, చాలాసార్లు ఎడమవైపు, గుంట కనిపిస్తుంది. ఈ బాబుకి గొట్టం వేయలేదు, లోపం రెండు వైపులా ఉంది. వంశపారంపర్యంగా ఎనామెల్ సరిగా కట్టని జబ్బయితే గీత ఉండదు, పన్నంతా ఒకే తీరుగా పాడై ఉంటుంది. ఇంట్లో మరెవరికీ అలా లేదు.

ఎక్స్‌రే గది గుమ్మం దగ్గర

చీము పట్టిన పంటికి ఎక్స్‌రే తీయాలి. బాబుని పట్టుకోమని తల్లిని పిలిచాను. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నేను బయట ఉంటానండీ మేడం. నాకు నాలుగో నెల."

నాయనమ్మ పట్టుకుంది, ఎక్స్‌రే అయింది. నాకు మాత్రం ధ్యాస ఎక్స్‌రే మీద నిలవలేదు. బయటికి వచ్చి షుగర్ పరీక్ష చేయించారా అని అడిగాను. ఏడో నెలలో చేద్దామన్నారని చెప్పింది. మొదటి కాన్పులో షుగర్ వచ్చిన మనిషి, 3.8 కిలోల బిడ్డని కన్న మనిషి, నాలుగో నెల వచ్చినా ఒక్కసారీ గ్లూకోజ్ పరీక్ష లేకుండా ఉంది. మన దేశంలో ప్రభుత్వ మార్గదర్శకాలు ప్రతి గర్భిణికీ మొదటిసారి వచ్చినప్పుడే ఈ పరీక్ష చేయమంటాయి. అప్పుడు బాగుంటే 24–28 వారాల మధ్య మళ్ళీ చేయాలి. ఇది పరగడుపున వెళ్ళాల్సిన పరీక్ష కూడా కాదు. తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్‌ని గ్లాసున్నర నీళ్ళలో కలిపి ఐదు పది నిమిషాల్లో తాగాలి, రెండు గంటలకి ఒక్కసారి రక్తం ఇవ్వాలి. చెన్నై డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు ఈ పద్ధతి కోసం ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. పొద్దున్నే పరగడుపున మళ్ళీ రమ్మంటే పల్లెటూరి గర్భిణి మళ్ళీ రాదని వాళ్ళకి తెలుసు.

ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ మీద గైనకాలజిస్టుకి చిన్న ఉత్తరం రాశాను. మొదటి కాన్పు అంకెలు, బాబు పళ్ళలో కనిపించింది, 16 వారాలకే పరీక్ష కోరుతున్నానని. దంత వైద్యురాలు ఇలా రాయడం కొందరికి వింతగా అనిపించొచ్చు. నాకు అనిపించలేదు. ఆ గదిలో ఆ కవరులోని కాగితాలన్నీ చదివింది ఆ రోజుకి నేనొక్కదాన్నే.

వెళ్ళేముందు ఆమె అడిగింది. అత్తగారు బాబుని చేతులు కడిగించడానికి తీసుకెళ్ళేదాకా ఆగి మరీ అడిగింది.

"వాడి పళ్ళు ఇలా అయింది నా వల్లేనా మేడం?"

ఈ ప్రశ్నకి తొందరపడి "అబ్బే, కాదులే" అనేస్తే ఆమె నమ్మదు, ఎందుకంటే అప్పటిదాకా నేను చెప్పిందంతా ఆమె కడుపు గురించే. కూర్చోబెట్టి కాగితం మీద పన్ను గీశాను. ఇది కొస, ఇది మీ ఐదో నెల, బాగుంది చూడండి. ఇది లాక్‌డౌన్. ఇది వాడు పుట్టిన రోజు. "షుగర్ మీరు తెచ్చుకున్నది కాదమ్మా. గర్భంలో మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని పనిచేయనివ్వవు. కొందరి ఒళ్ళు దాన్ని తట్టుకుంటుంది, కొందరిది తట్టుకోదు. పరీక్ష జరగలేదు, అది మీ చేతిలో లేదు. ఈసారి పరీక్ష మాత్రం మన చేతిలో ఉంది." ఆమె ఆ కాగితం మడిచి కవర్లో పెట్టుకుంది.

మర్నాడే పరీక్ష చేయించుకుని ఫోన్ చేసింది. 172.

బాబుకి చేసిన వైద్యం

ఎడమ పక్క పన్ను నిలబెట్టే స్థితిలో లేదు, తీసేశాం. మిగతా పళ్ళకి మొదటి రోజు ఫ్లోరైడ్ వార్నిష్, లోతున్న గాళ్ళలో గ్లాస్ అయనోమర్ సిమెంట్. రోజుకి రెండుసార్లు 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, వాడు మూడేళ్ళు దాటాడు కాబట్టి బఠాణీ గింజంత, పెద్దవాళ్ళే తోమాలి. ఫ్లోరైడ్ ప్రాంతంలో ఫ్లోరైడ్ పేస్టా అని నాయనమ్మ బాధపడింది. తాగే నీళ్ళు క్యాన్‌వే, పేస్టు ఉమ్మేస్తాడు, బఠాణీ గింజంత దాటదు అని చెప్పి, మా దగ్గరే బ్రష్ మీద వేసి చూపించాక ఒప్పుకుంది.

చివరి దవడ పళ్ళు నాలుగింటికీ స్టీల్ క్యాపులు వేశాను. స్కాట్లాండ్ డాక్టర్ నోర్నా హాల్ పేరుతో వాడుకలోకి వచ్చిన పద్ధతి ఇది. డ్రిల్లింగ్ లేదు, ఇంజెక్షన్ లేదు. పళ్ళ మధ్య రబ్బరు ఉంగరాలు పెట్టి నాలుగు రోజులకి తీసి, సిమెంట్ నింపిన క్యాప్‌ని పంటి మీద పెట్టి కొరికించడమే. సుద్ద ఎనామెల్ పళ్ళు చాలా జివ్వుమంటాయి, మత్తు కూడా సరిగా ఎక్కదు. మూడేళ్ల పిల్లాడి దగ్గర ఇంతకంటే దయగల పద్ధతి నాకు తెలియదు. క్యాపులు వేసిన రెండో వారం వాడు జంతికలు నమిలాడని నాయనమ్మే చెప్పింది.

కుడి పక్క పంటి విషయంలో పొరపాటు నాదే. అందంగా ఉంటుందని నేరుగా కాంపోజిట్ స్ట్రిప్ క్రౌన్ (పంటి రంగు తొడుగు) వేశాను. నాలుగు నెలలకే ఊడింది. ఖనిజం తక్కువున్న ఎనామెల్‌కి జిగురు పట్టు చిక్కదు. గాడి అంచున ఉన్న మెత్తటి ఎనామెల్‌ని గట్టి భాగం తగిలేదాకా తీసి, కింద సిమెంట్ పొర వేసి ఉండాల్సింది. రెండోసారి అలాగే చేశాను, ఇప్పటికీ నిలిచింది. ఇలాంటి కేసు వస్తే నా తోటి డాక్టర్లు ఈ దశ దాటవేయొద్దు.

తీసేసిన పంటిని తల్లి అనుమతితో ఓరల్ పాథాలజీ (నోటి జబ్బుల శాస్త్రం) చెప్పే ఒక స్నేహితురాలికి పంపాను. వెనక వైపు ఎనామెల్ పుచ్చకుండా మిగిలింది. దాన్ని కాగితంలా పలుచగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. అందరి పాల పళ్ళలోనూ పుట్టుక గుర్తుగా ఒక సన్నని గీత ఉంటుంది, నియోనేటల్ లైన్ అంటారు. గర్భంలో కట్టిన ఎనామెల్‌కీ బయట కట్టినదానికీ సరిహద్దు అది. ఈ పంటిలో ఆ గీత వెడల్పుగా, నల్లగా ఉంది. దానికి అవతల ఎనామెల్ కడ్డీలు కొంతదూరం వంకరటింకరగా వెళ్ళి, తర్వాత మళ్ళీ తిన్నగా వరసలో పడ్డాయి. ఆమె పంపిన ఫొటోలో ఆ వంకర భాగం మీద వేలు పెట్టి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. పుట్టిన తొలిరోజుల్లో ఐసీయూలో వాడు పడ్డదంతా ఆ కాస్త మేరలో ఉంది.

తర్వాత

తల్లికి రెండు వారాలు తిండి మార్పు, నడక. అన్నం మానమనలేదు, ఒక పూట అన్నం, రెండు పూటలు జొన్న రొట్టె, దాంతో కూరలు పప్పు ఎక్కువగా, మధ్యలో శనగలు. తిన్న రెండు గంటలకి షుగర్ 120 లోపు రావాలి, 138 దగ్గర ఆగింది. గైనకాలజిస్టు ఇన్సులిన్ మొదలుపెట్టారు. సూదంటే ఆమెకి టెన్షన్, మొదటి వారం భర్తే వేశాడు. ఈసారి శ్రీమంతంలో చలిమిడి చేతిలో పెట్టించి, తినకుండా పంచిపెట్టించింది అత్తగారు. ఆ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది కూడా ఆవిడే.

2024 జనవరిలో 38 వారాలకి పాప పుట్టింది. 3.1 కిలోలు, మొదటి గంటలో షుగర్ 58, ఐసీయూ అవసరం పడలేదు. ఏడో నెలలో కింద రెండు పళ్ళు రాగానే తీసుకొచ్చారు. ఆరబెట్టి, లైటు వేసి, ప్రోబ్ జార్చి చూశాను. ఎక్కడా ఆగలేదు. ఇది చూసి షుగర్ అదుపులో ఉంటే పళ్ళు బాగుంటాయని నిరూపణ అయిందని నేను అనను. పాప నెలలు నిండి పుట్టింది, క్యాల్షియం పడిపోలేదు, ఇద్దరు బిడ్డలు ఒకరికొకరు కొలమానం కాదు. కానీ ఆ రోజు తల్లి ముఖం నేను మర్చిపోలేను.

ఈ కేసు తర్వాత మా క్లినిక్ కేస్ షీట్‌లో నాలుగు గడులు చేర్చాను: ఎన్నో వారంలో కాన్పు, పుట్టినప్పటి బరువు, తల్లికి గర్భంలో షుగర్, ఐసీయూలో ఎన్ని రోజులు. రిసెప్షన్‌లో అమ్మాయి రెండు నిమిషాల్లో నింపుతుంది. పాత కాగితాలుంటే తెచ్చుకోమని అపాయింట్‌మెంట్ ఫోన్‌లోనే చెబుతుంది.

2025 నవంబర్‌లో అందరూ వచ్చారు. పాపకి కోర పళ్ళు వచ్చాయి, నున్నగా ఉన్నాయి. తల్లి షుగర్ ఏటా చూపించుకుంటోంది. గర్భంలో షుగర్ వచ్చిన వాళ్ళకి తర్వాత మామూలు షుగర్ వచ్చే ప్రమాదం ఎక్కువ కాబట్టి అది ఆపొద్దని మళ్ళీ చెప్పాను. కవరు అదే, ఇప్పుడు అందులో రెండు ఫైళ్ళున్నాయి. బాబుకి ఐదున్నరేళ్ళు. నా దృష్టి వాడి మొదటి శాశ్వత దవడ పళ్ళ మీద ఉంది, ఆరేళ్ళకి వచ్చేవి. వాటి మొనలు గట్టిపడటం మొదలయ్యేది సరిగ్గా పుట్టుక వేళలోనే. ఎక్స్‌రేలో ఆకారం తెలుస్తుంది కానీ ఎనామెల్ నాణ్యత తెలియదు, కంటితో చూడాల్సిందే. అద్దం పెట్టి చూస్తే కింద ఎడమవైపు, స్టీల్ క్యాప్ వెనక, చిగురు కొంచెం ఉబ్బి ఉంది. తెల్లగా ఇంకా ఏమీ కనిపించలేదు. మార్చిలో మళ్ళీ రమ్మని రాసిచ్చాను, అంతకుముందే చిగురు చీల్చుకుని పన్ను కనిపిస్తే ఆ రోజే రమ్మన్నాను.